దగ్గరితనానికీ ఒక మోతాదు ఉంటుంది

పండుగలు వెళ్లిన తరువాతి వారంలోనూ, పెళ్లిళ్ల ముహూర్తాలు ముగిసిన తరువాతి పక్షంలోనూ వైద్యుని దగ్గరకు వచ్చేవారిలో ఒక ప్రత్యేకమైన వర్గం ఉంటుంది. ఆరు నెలలుగా అదుపులో ఉన్న రక్తపోటు ఉన్నట్టుండి పెరిగి ఉంటుంది. మందులు మానలేదు, ఉప్పు ఎక్కువ తినలేదు. మరొకరికి ఛాతీలో మంట, ఇంకొకరికి మెడ పట్టేసి తల తిప్పలేని నొప్పి, వేరొకరికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ. పరీక్షలన్నీ సక్రమంగానే ఉంటాయి. అటువంటివారిని నేను ఒక ప్రశ్న తప్పక అడిగేవాడిని: "ఈ మధ్య మీ ఇంటికి ఎవరైనా వచ్చారా? లేక మీరే ఎవరింటికైనా వెళ్లి వచ్చారా?" కొందరు నవ్వేవారు. కొందరి కళ్లు చెమర్చేవి. అటూ ఇటూ చూసి, వెంట వచ్చినవారిని బయట కూర్చోమని చెప్పి, అప్పుడు మాట్లాడేవారు ఇంకొందరు.

ఇది వైద్యం కాదు, సంసారం గొడవ అని మీరు అనుకోవచ్చు. కానీ ఆ గొడవ చివరకు వచ్చి చేరేది శరీరంలోనే. కనుక నాకు తెలిసినంత మేరకు ఈ విషయం మీతో పంచుకోవాలని అనిపించింది.

మొదట ఒక స్పష్టత అవసరం. కోపిష్టి అయిన ప్రతి బంధువూ కష్టమైన బంధువు కాదు. గట్టిగా అరిచి, అరగంట తరువాత "అన్నం తిన్నావా?" అని అడిగే మేనమామ వల్ల ఎవరి ఆరోగ్యమూ పాడుకాదు. ఆస్తి పంపకాల దగ్గర ఒకసారి మాట తూలిన అన్నగారు కూడా ఆ కోవలోకి రారు. నేను చెబుతున్నది ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో సాగే ప్రవర్తన గురించి. నలుగురిలో చిన్నబుచ్చడం. తోడికోడలితోనో, పక్కింటి అబ్బాయితోనో నిరంతరం పోల్చడం. అలిగి మాట్లాడకపోవడాన్ని ఆయుధంగా వాడటం. చేసిన ప్రతి సాయాన్నీ వడ్డీతో సహా లెక్క చెప్పడం. "నీ మంచి కోసమే" అంటూ మీ ఉద్యోగం, మీ సంతానం, మీ చీర రంగు వరకు తామే నిర్ణయించడం. ఇటువంటి మనిషి మీ జీవితంలో ఉన్నారో లేరో తెలుసుకోవడానికి పెద్ద ప్రశ్నావళి అక్కరలేదు. ఫోను తెర మీద ఎవరి పేరు కనిపించగానే మీ కడుపులో మెలిపెట్టినట్లు అవుతుందో గమనించండి.

ఆ మెలి ఊహ కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు మన శరీరం అడ్రినలిన్, కార్టిజాల్ అనే హార్మోనులను విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పాము కనిపించినప్పుడు ఇది ప్రాణం కాపాడే ఏర్పాటు. పాము వెళ్లిపోతుంది, శరీరం మామూలు స్థితికి వస్తుంది. ఇంట్లోనే ఉన్న మనిషి వెళ్లిపోరు. అందువల్ల ఆ ఏర్పాటు పూర్తిగా సద్దుమణగదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 42 జంటల మీద జరిపి, 2005లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. చేతి మీద చిన్న పొక్కుల వంటి గాయాలు చేసి, అవి ఎన్నాళ్లలో మానుతాయో చూశారు. ఒకరిపై ఒకరు ద్వేషంతో మాట్లాడుకునే జంటలలో గాయాలు మానే వేగం, సౌమ్యంగా మాట్లాడుకునే జంటలతో పోలిస్తే అరవై శాతం మాత్రమే ఉంది. "మాటలకు చర్మం ఊడిపోతుందా?" అని పెద్దలు అంటుంటారు. ఊడిపోదు గాని, ఊడిన చర్మం త్వరగా అతుక్కోదు.

ఇటువంటి బంధువు విషయంలో మన సమాజం రెండే రెండు సలహాలు ఇస్తుంది. పెద్దతరం "సర్దుకుపో, ఎంతైనా రక్తసంబంధం" అంటుంది. కొత్తతరం "తెంచేసుకో, నీ మనశ్శాంతి ముఖ్యం" అంటుంది. ఈ రెండింటితోనూ నాకు పేచీ ఉంది. సర్దుకుపోవడం అనేది రెండు వైపుల నుంచీ జరగవలసిన పని. మన ఇళ్లలో దానిని ఒకవైపు మనిషికే, చాలాసార్లు ఇంటి కోడలికో, సంపాదన తక్కువైన తమ్ముడికో కేటాయిస్తాం. తెంచేసుకోమనే సలహా చెప్పేవారికి సులభం. పెళ్లిళ్లు, చావులు, పొలం గట్లు, పిల్లల అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్న జీవితంలో అది ఆచరణలో ఎంతమందికి సాధ్యం? ఒకరితో తెంచుకోబోయి పదిమందిని పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

వైద్యంలో మందు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎంత ఇవ్వాలన్న ప్రశ్నా అంతే ముఖ్యం. ప్రాణం నిలిపే డిజాక్సినే మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. బంధుత్వమూ అటువంటిదేనని నా అభిప్రాయం.

అయితే మోతాదు నిర్ణయించే ముందు రోగ నిర్ధారణ జరగాలి. ఈ మధ్య వీడియోలు చూసి అత్తగారినో, ఆడపడుచునో "నార్సిసిస్ట్" అని తేల్చేస్తున్నవారు పెరిగారు. అది ఒక వ్యక్తిత్వ లోపానికి పెట్టిన వైద్యపరమైన పేరు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, పలుమార్లు మాట్లాడి, మానసిక వైద్యులు నిర్ధారించవలసినది. మీకు ఆ పేరుతో పని లేదు. మీరు అడగవలసిన ప్రశ్న వేరు: ఈ మనిషి మొదటినుంచీ ఇంతేనా, లేక ఈ మధ్య మారారా?

మొదటినుంచీ ఇంతే అయితే అది స్వభావం. మధ్యలో మార్పు వస్తే మాత్రం అది వ్యాధి కావచ్చు. ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చికిత్స ఉన్న జబ్బును గుణంగా పొరబడటం మన ఇళ్లలో చాలా సాధారణం.

అరవై అయిదు దాటినవారిలో అనుమానం పెరిగితే ముందు చెవులు పరీక్ష చేయించండి. వినికిడి తగ్గినవారికి, పక్కగదిలో మనం మామూలుగా మాట్లాడుకునే మాటలు గుసగుసల్లా అనిపిస్తాయి. తమ గురించే మాట్లాడుకుంటున్నారని భావిస్తారు. చెవి మిషన్ పెట్టించాక సగం తగాదాలు ఆగిపోయిన కుటుంబాలు ఉన్నాయి. "నా గాజులు ఎవరో తీశారు" అని పదేపదే అనే పెద్దావిడకు జ్ఞాపకశక్తి తగ్గి ఉండవచ్చు. ఎక్కడ పెట్టారో ఆమెకు గుర్తు లేదు. గుర్తు లేదన్న సంగతీ గుర్తు లేదు. మిగిలేది దొంగతనం అన్న ఊహ ఒక్కటే, ఆ నింద పడేది ఎదురుగా ఉండే కోడలి మీద. నలభై అయిదు, అరవై అయిదు ఏళ్ల మధ్య, అంతవరకు మర్యాదస్తుడైన మనిషి ఉన్నట్టుండి బూతులు మాట్లాడటం, సిగ్గు విడిచి ప్రవర్తించడం, ఇంట్లోవారి బాధ పట్టకపోవడం మొదలైతే అది మెదడు ముందుభాగం క్షీణించే ఒక రకం డిమెన్షియా అయి ఉండవచ్చు. అందులో మొదట జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది కనుక జబ్బు అని ఎవరికీ తోచదు.

థైరాయిడ్ ఎక్కువైనా చిరాకు, తక్కువైనా చిరాకే. మధుమేహానికి ఇన్సులిన్ వేసుకునేవారు భోజనం ఆలస్యమైనప్పుడు కయ్యానికి దిగితే వెంటనే షుగర్ చూడండి. అది పడిపోయి ఉండవచ్చు. ఆస్తమాకో, కీళ్లవాతానికో వాడే స్టెరాయిడ్ బిళ్లలు, మూర్ఛకు వాడే లెవెటిరాసెటమ్ కొందరిలో కోపాన్ని పెంచుతాయి. డిప్రెషన్ మన మగవారిలో ఏడుపుగా కన్నా చిటపటలుగా బయటపడటం తరచు చూస్తాం. ఇక మద్యం సంగతి చెప్పనక్కరలేదు. వృద్ధులు ఒకటి రెండు రోజులలోనే పూర్తిగా మారిపోయి, పొంతన లేకుండా మాట్లాడితే అది అత్యవసర పరిస్థితి. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం వంటి కారణాలు ఉంటాయి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, "ఈ వయసులో ఈ వేషాలేమిటి" అని కసరకూడదు.

జబ్బు అని తేలితే మీ మీద పడే ఒత్తిడి తగ్గిపోతుందని నేను అనను. కానీ ఆ మాటలు మిమ్మల్ని ఉద్దేశించి అన్నవి కావని తెలిశాక వాటి పదును తగ్గుతుంది. అది చిన్న లాభం కాదు.

జబ్బు కాదని తేలిందనుకోండి. అప్పుడేమిటి? ఇక్కడ లండన్‌లో జరిగిన ఒక పని గురించి చెప్పాలి. 1950లలో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, స్కిజోఫ్రీనియా నుంచి కోలుకుని ఆసుపత్రి నుంచి బయటకు వెళ్లినవారు మళ్లీ ఎందుకు జబ్బు పడుతున్నారో గమనించసాగారు. తల్లిదండ్రుల దగ్గరకో, భార్య దగ్గరకో వెళ్లినవారి కంటే, అద్దె గదులకు వెళ్లినవారే మెరుగ్గా ఉండటం కనిపించింది. సొంత ఇల్లు కన్నా అద్దె గది మేలు చేయడమేమిటి? మరి కొన్నేళ్ల పరిశోధనలో కారణం తేలింది. కొన్ని ఇళ్లలో రోగిని విమర్శించడం, ద్వేషించడం లేదా అతిగా ఆవరించుకోవడం జరుగుతోంది. అన్ని ఇళ్లలో కాదు, కొన్నింటిలో. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ ప్రచురించిన ఫలితాల ప్రకారం, అటువంటి ఇళ్లకు వెళ్లిన రోగులలో దాదాపు సగం మందికి తొమ్మిది నెలలలో జబ్బు తిరగబెట్టింది. ప్రశాంతమైన ఇళ్లకు వెళ్లినవారిలో అది 13 శాతమే.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది మరొకటి. విమర్శలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో కూడా, ఆ బంధువుతో ముఖాముఖి గడిపే సమయం వారానికి 35 గంటల కంటే తక్కువగా ఉన్న రోగులు స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. బంధువు మారలేదు. ఇల్లు మారలేదు. గంటలు తగ్గాయి, అంతే.

ఇది స్కిజోఫ్రీనియా రోగుల మీద జరిగిన అధ్యయనం. మామూలు మనుషులకు 35 అనే అంకెను యథాతథంగా అంటగట్టడం సరికాదు. అయినా అందులోని సూత్రం అందరికీ పనికివస్తుందని నా నమ్మకం. మనిషిని మార్చడం మన చేతిలో లేకపోవచ్చు, గంటలను మార్చడం చాలావరకు ఉంటుంది.

కుటుంబమే జబ్బుకు మూలమని దీనికి అర్థం తీయకండి. ఆ కాలంలోనే మన అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ గారు రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోకి రప్పించి, గుడారాలలో రోగితో పాటు ఉంచారు. రోగులు త్వరగా కోలుకుని ఇళ్లకు వెళ్లారు. తరువాత చండీగఢ్‌లో లండన్ పద్ధతినే అనుసరించి చూసినప్పుడు, మన కుటుంబాలలో రోగి పట్ల విమర్శ లండన్ కుటుంబాలలో కన్నా తక్కువగా ఉందని 1987లో ప్రచురించారు. మన బంధుత్వాలలో ఔషధ గుణం ఉంది. కనుకనే దాని మోతాదు గురించి మాట్లాడుతున్నాను. విషమైతే మోతాదు ప్రసక్తే రాదు కదా.

ఆచరణలో ఇది ఎలా ఉంటుంది? ముందుగా ఒక నెల పాటు లెక్క రాయండి. ఏ రోజు ఎవరితో ఎన్ని గంటలు గడిపారు, ఆ రాత్రి నిద్ర ఎలా పట్టింది, బీపీ ఉన్నవారైతే మర్నాడు ఉదయం అంకె ఎంత. చాలామందికి ఆశ్చర్యకరమైన విషయం బయటపడుతుంది. మొదటి రెండు మూడు గంటలు బాగానే గడుస్తాయి. కుశల ప్రశ్నలు, భోజనం, పాత కబుర్లు. భోజనానంతరం తీరుబడిగా కూర్చున్నప్పుడే ముల్లుమాటలు మొదలవుతాయి. మీ ఇంటిలో అది ఎన్నో గంటో మీకు తెలిస్తే, దానికి ముందే లేచి రావచ్చు. రాత్రి బస చేయకుండా సాయంత్రం బస్సుకు టికెట్టు ముందే తీసుకుని వెళ్లడం అమర్యాద కాదు. వెళ్లిన ఊళ్లో మరో బంధువు ఇంట్లోనో, లాడ్జిలోనో దిగితే నాలుగు రోజులు చర్చ జరుగుతుంది, ఐదో రోజుకు వారికి మరో విషయం దొరుకుతుంది.

ఫోను విషయంలో కూడా అంతే. ప్రతిరోజూ ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే ఫోను కన్నా, ఆదివారం ఉదయం పది గంటలకు మీరే చేసే ఇరవై నిమిషాల ఫోను ఇద్దరికీ మేలు చేస్తుంది. ఎదురుచూడటంలో ఉన్న భయం మీకు పోతుంది, మరిచిపోయారన్న దెప్పుడు వారికి మిగలదు. కుటుంబ వాట్సాప్ గ్రూపు నుంచి బయటకు వస్తే పెద్ద రభస. శబ్దం ఆపేసి, రోజుకొకసారి చూస్తే ఎవరికీ తెలియదు.

మాట్లాడక తప్పని సమయాలలో జవాబు చిన్నదిగా ఉండాలి. మన అలవాటు కారణాలు చెప్పడం. కారణం చెప్పిన ప్రతిసారీ మీ నిర్ణయాన్ని మీరే బేరానికి పెట్టినట్లు. "రెండో కాన్పు ఎప్పుడు?" అంటే డబ్బు గురించి, ఉద్యోగం గురించి వివరించవద్దు. "అది మేమిద్దరం చూసుకుంటాం పిన్నీ, మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?" చాలు. మళ్లీ అడిగితే అదే వాక్యం, అదే గొంతు. మూడోసారి అడిగితే మంచినీళ్లు తెచ్చే మిషతో లేవండి. అప్పులకు హామీ సంతకం పెట్టమనే బావగారికి "నేను ఎవరికీ సంతకం పెట్టనని నియమం పెట్టుకున్నాను బావగారూ" అనండి. మీకు పెట్టను అనడం వేరు, ఎవరికీ పెట్టను అనడం వేరు. ఆ నియమాన్ని నిజంగా పాటించాలి సుమా, మరుసటి నెల ఇంకొకరికి పెడితే మొదటికే మోసం.

ఒకే కప్పు కింద ఉండక తప్పనివారి పరిస్థితి కష్టం. అద్దెలు భరించలేరు, పిల్లలను చూసేవారు లేరు, లేదా పెద్దలకు మీరే దిక్కు. అక్కడ కూడా గంటలు తగ్గించవచ్చు. ఉదయపు నడక, గ్రంథాలయం, మేడ మీద మొక్కలు, కుట్టుపని, సాయంత్రం భజన, పక్కవీధి పిల్లలకు చదువు చెప్పడం. ఇవి వ్యాపకాలు మాత్రమే కావు, చికిత్స కింద లెక్క. వేరు కుంపటి పెట్టడాన్ని మనవాళ్లు అవమానంగా భావిస్తారు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాక అత్తాకోడళ్లు కలిసి సినిమాకు వెళ్లడం నేను చూశాను.

సినిమా అంటే గుర్తుకు వచ్చింది. సూర్యకాంతం గారు ఎంత గొప్ప నటి అంటే, గయ్యాళి అత్త అనగానే తెలుగువారికి ఆమె ముఖమే కళ్లముందు నిలుస్తుంది. 1962 నాటి 'గుండమ్మ కథ' చివరలో గుండమ్మ మారుతుంది, అందరం సంతోషంగా ఇంటికి వస్తాం. నిజ జీవితంలో ఆ చివరి రీలు కోసం ఎదురుచూస్తూ ముప్పై ఏళ్లు గడిపిన ఇల్లాళ్లు ఎందరో ఉన్నారు. ఆయన మారతారు, ఆవిడ మారతారు అనే ఆశతో మీ ఆరోగ్యాన్ని ముడిపెట్టకండి. మారితే మంచిదే.

విదేశాలలో ఉన్న తెలుగు కుటుంబాలలో ఈ గంటల లెక్క మరోవిధంగా తప్పుతుంది. కూతురి కాన్పుకో, కొడుకు ఇంటికో ఆరు నెలలకు అమెరికా వెళ్లిన తల్లిదండ్రులకు అక్కడ కారు నడపడం రాదు, మాట్లాడే ఇరుగుపొరుగు ఉండరు, చలికి గడప దాటలేరు. ఇక్కడ రోజుకు రెండు గంటలు కలిసి ఉండి ఎంతో ప్రేమగా ఉన్న మనుషులు, అక్కడ రోజంతా ఒకరి ముఖం ఒకరు చూస్తూ ఉండిపోతారు. నెల తిరగకుండానే వంటింటిలో పేచీ మొదలవుతుంది. అది ఎవరి దుర్మార్గమూ కాదు. ఆరు నెలలు ఉండితీరాలన్న నియమమేమీ లేదు, మూడు నెలలకే తిరుగు టికెట్టు తీసుకోండి. ఆ మూడు నెలలలోనూ వారానికి రెండు రోజులు గుడికో, తెలుగువారి కూడిక ఉన్న చోటికో పంపించే ఏర్పాటు ముందే చేయండి.

మీరు ఇలా హద్దులు పెట్టడం మొదలుపెట్టగానే పరిస్థితి మెరుగుపడుతుందని ఆశించవద్దు. మొదట ఇంకా చెడుతుంది. ఇంతకాలం ఏడిస్తే దొరికినది దొరకనప్పుడు పిల్లవాడు ఇంకా గట్టిగా ఏడుస్తాడు కదా, పెద్దలదీ అదే సూత్రం. ఫోన్లు పెరుగుతాయి, మధ్యవర్తులు వస్తారు, "మారిపోయావు" అంటారు, ఉన్నట్టుండి ఛాతీ నొప్పులు వస్తాయి. ఛాతీ నొప్పి అంటే మాత్రం తప్పక ఈసీజీ తీయించండి, నాటకం అని మీరు తీర్మానించకండి. మిగతా వాటికి లొంగకుండా కొన్ని వారాలు గడిపితే తీవ్రత సాధారణంగా తగ్గుతుంది. మధ్యలో ఒకసారి లొంగితే మాత్రం, గట్టిగా అరిస్తే పని జరుగుతుందని మీరే నేర్పినట్లవుతుంది. ఈ కాలమంతా మీలో ఒక అపరాధ భావన ఉంటుంది. తప్పు చేశారన్నదానికి అది నిదర్శనం కాదు. కొత్త చెప్పులు కరిచినట్లు కొన్నాళ్లు కరుస్తుంది.

ఈ మోతాదు లెక్కలు వర్తించని సందర్భాలు కొన్ని ఉన్నాయి. చేయి చేసుకోవడం, చంపుతాననడం, పిల్లలను లైంగికంగా తాకడం, భోజనమో మందులో ఆపేయడం, బలవంతంగా ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టించడం. వీటిలో తక్కువ మోతాదు అనేది లేదు. 2005 నాటి గృహహింస చట్టం భార్యలకు మాత్రమే అని చాలామంది పొరబడుతుంటారు. ఒకే ఇంట్లో ఉండే తల్లి, అక్కచెల్లెళ్లు, వితంతువులకు కూడా అది రక్షణ ఇస్తుంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద పెద్దలు ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షత వహించే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. చూసుకుంటారన్న షరతు మీద రాసి ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వెనక్కు తీసుకునే వీలు అందులో ఉంది. కనుక రాసి ఇచ్చేటప్పుడే ఆ షరతు పత్రంలో ఉండేలా చూసుకోండి. అత్యవసరానికి 112, మహిళలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567. ఈ అంకెలు మీకు అవసరం లేకపోయినా మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి అవసరం కావచ్చు.

"ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెత మన నోళ్లు నొక్కేసింది. గుట్టు వీధిలో పెట్టమని నేను అనడం లేదు. ఒక్క మనిషికి చెప్పండి. స్నేహితురాలికో, అన్నకో, మీ కుటుంబ వైద్యునికో. ఎవరికీ చెప్పని బాధ నిద్రమాత్రల సీసా వైపు నడిపిస్తుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ఆ మాత్రలు కొద్ది వారాలలోనే అలవాటవుతాయి, ఆపై మానడం ఒక ప్రత్యేకమైన యాతన. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడటం, తాను ఎందుకూ పనికిరానన్న భావం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వాయిదా వేయకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇది చదువుతున్నవారిలో నా వయసు వారు ఎక్కువమందే ఉంటారు. మనం కూడా ఎవరికో ఒకరికి ఆ కష్టమైన బంధువులం అయి ఉండవచ్చు. మన ఫోను మోగగానే అవతలివారి ఇంట్లో ఏమవుతుందో మనకు కనిపించదు. కొడుకు మాటలు పొడిపొడిగా ఉంటున్నాయా? కోడలు మీరు వచ్చిన వెంటనే వంటింటిలోకి వెళ్లిపోతోందా? పిల్లలను కూర్చోబెట్టి నిలదీయకండి. సలహా ఇవ్వకుండా ఒక నెల ఫోను మాట్లాడి చూడండి. డెబ్బై ఏళ్లు వచ్చాక ఇది ఎంత కష్టమైన వ్యాయామమో నాకు తెలుసు.

చివరగా, నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఏళ్లపాటు బాధపెట్టిన ఆ మనిషే ఇప్పుడు మంచాన పడ్డారు, చూసుకోవలసింది నేనేనా? మన కుటుంబాలలో దీనిని తప్పించుకోవడం అరుదు. నా సమాధానం ఏమిటంటే, వారికి సంరక్షణ అందేలా చూడటం వేరు, వారి మంచం పక్కన రోజంతా కూర్చోవడం వేరు. మొదటిది బాధ్యత కావచ్చు, రెండవది కానక్కరలేదు. తోబుట్టువులందరూ కూర్చుని ఎవరు డబ్బు, ఎవరు ఆసుపత్రి, ఎవరు రాత్రి కాపలా అని కాగితం మీద రాసుకోవాలి. దూరాన ఉన్న కొడుకు "నేను డబ్బు పంపుతున్నాను కదా" అని తప్పుకోరాదు, ఏడాదికి నెల రోజులైనా వచ్చి చూసుకోవాలి. పగటిపూట ఒక ఆయాను పెట్టుకోండి. స్నానం చేయించడం, పక్క మార్చడం వంటి పనులు ఆమె చేస్తే, మీరు మందులు వేళకు అందేలా, పుండ్లు పడకుండా, డాక్టరుకు చూపించేలా చూడండి. ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట గదిలోకి వెళ్లి పలకరించండి. ఆ పావుగంటలో పాత మాటే మళ్లీ అంటే, "మళ్లీ వస్తాను" అని చెప్పి బయటకు రండి. సాయంత్రం నిజంగానే మళ్లీ వెళ్లండి.